మరియమ్మ పగటికథ

డోర్నకల్ స్టేషన్ వెనక రాజలింగం సావుకారి గోదాములో ఎండాకాలం మిరపకాయ తొడిమెలు తీసేవాళ్లు. వానలు పడ్డాక పల్లికాయ ఒలిచేవాళ్లు. శివరాత్రి ముందు చింతపండు కొట్టి గింజ తీసేవాళ్లు. పని మారేది గానీ కూర్చునే చోటు మారేది కాదు. పొద్దున చర్చి గంట వినపడగానే ఆడవాళ్లు వచ్చి ఎవరి గోనెపట్టా మీద వాళ్లు కూర్చునేవాళ్లు. మరియమ్మ పట్టా తలుపు పక్కన. అక్కడినుంచి రోడ్డు కనిపిస్తుంది.

ఆమె మొగుడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పట్టాల మీదే పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, యోహాను. చిన్నప్పుడు వాడికి కథ లేనిదే నిద్ర వచ్చేది కాదు. ఆమె చెప్పేది, వాడు ఊఁ కొట్టేవాడు. ఊఁ ఆగిందంటే వాడు నిద్రపోయినట్టు. అప్పుడు ఆమె కథ ఆపి దీపం తగ్గించేది.

అరవైతొమ్మిదిలో తెలంగాణ కొట్లాట మొదలై కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో పీయూసీ చదివే యోహాను ఇంటికొచ్చాడు. జూన్‌లో ఒకరోజు గేటు దగ్గర సిగ్నల్ తీగ తెగింది. ఎవరు తెంపారో ఎవరూ చెప్పలేదు. పోలీసులు పదకొండు మంది పేర్లు రాసుకున్నారు. నాలుగో పేరు యోహానుది. తీగ తెంపావా అని ఆమె అడగలేదు. వాడూ చెప్పలేదు. తెల్లారకముందే సంచి సర్దుకుని, భూపాలపల్లి అవతల ఉండే మేనమామ దగ్గరికని బయల్దేరాడు.

"మల్లెప్పుడొస్తవు బిడ్డా?"

"కేసు పోయిన్నాడు వస్త అవ్వా. కేసు పోయిందంటే ఒక్క దినం గూడ ఆగ."

ఆరోజు వరంగల్ నుంచి పోలీసు జీపు వస్తుందని ఊళ్లో అనుకుంటున్నారు. మరియమ్మ ఎప్పటిలాగే గోదాముకు పోయి కూర్చుంది. తొడిమెలు గంపలో వేసి కాయలు పారేస్తోంది.

పక్క పట్టా బుచ్చమ్మది. మరియమ్మకన్నా నాలుగేళ్లు చిన్న. "ఏందక్కా, కాయలు గట్ల పారేస్తున్నవు?"

"ఏం లేదు. ఒక కథ యాదికొచ్చింది."

"గట్లయితే చెప్పరాదు."

"పట్టపగలు కథ చెప్తే బాటల పోయెటోళ్లు తొవ్వ తప్పుతరే."

"తప్పనియ్యి. మనిండ్లకు ఎవలొచ్చేది ఉన్నదని?"

ఆ మాట మరియమ్మకు పట్టుకుంది. ఒక్క క్షణం రోడ్డు వైపు చూసి కథ ఎత్తుకుంది. తప్పిపోయిన గొర్రెపిల్లను వెతకడానికి పోయిన పిలగాడి కథ. ఎక్కడా విన్నది కాదు. నోటికి వచ్చింది. బుచ్చమ్మ మిరపకాయ తుంచుతూ ఊఁ అంది.

జీపు రైలుగేటు దాకా వచ్చింది. గేటు దాటి ఎడమకు తిరిగితే గోదాము, దాని వెనక వీధిలో మరియమ్మ ఇల్లు. వాళ్లు ఎడమకే తిరిగారు. పక్క ఊరు గార్లలో తేలారు. మళ్లీ వెనక్కొచ్చి ఎడమకే తిరిగారు. మళ్లీ గార్లే. మూడోసారి డ్రైవర్ జీపు ఆపి, ముఖం కడుక్కుని, వరంగల్ వైపు తిప్పాడు.

మర్నాడు చాయ్ హోటల్లో ఇదే మాట. "బుచ్చమ్మ ఊఁ కొట్టిందట గదా, తొవ్వ తప్పరా మరి," అన్నారు. ఇంకెవరూ దాని గురించి ఆలోచించలేదు. చాయ్ తాగి పనికిపోయారు.

మరియమ్మ మాత్రం ఆలోచించింది.

*

ఒక్క ఊఁ ఉంటే దారి గేటు దగ్గర వంగుతుంది. ఆ ఒక్కతికి జ్వరమొస్తే? ఆమెకు ఇంకా ఊఁలు కావాలి.

పిలిస్తే ఎవరూ రారని ఆమెకు తెలుసు. పిలవలేదు. బుచ్చమ్మకు చెప్తున్నట్టే చెప్పింది. కానీ కథలో పిలగాడు ఆగిన ఇంట్లో ఒక మేకను పెట్టి, దానికి ఎడమచెవి సగం తెగి ఉందని చెప్పింది. ఎడమచెవి తెగిన మేక ఆ వాడలో పోచమ్మది. మూడు పట్టాల అవతల కూర్చున్న పోచమ్మ తలెత్తి, "నా మేక గిందులకెట్ల వచ్చిందే?" అని దగ్గరికి జరిగింది. ఇద్దరయ్యారు.

పిలగాడికి వాగు అడ్డమొచ్చినప్పుడు ఆమె కథ ఆపి, "నువ్వయితే ఏం చేస్తవే?" అని నిర్మలను అడిగింది. నిర్మల ఏడో తరగతి చదివి మానేసిన పిల్ల. ఎవరూ ఆమెను ఏదీ అడగరు. చాలాసేపు ఆలోచించి, "మోదుగాకులు కుట్టి తెప్ప చేస్త," అంది. మునిగిపోతవు పిల్లా అని అందరూ నవ్వారు. మర్నాడు పిలగాడు మోదుగాకుల తెప్ప మీదే వాగు దాటాడు. నిర్మల ఆరోజునుంచి ఒక్కరోజు కూడా పని మానలేదు.

ఎవరైనా రాకపోతే మర్నాడు వాళ్లు వచ్చేదాకా కథ ఎత్తుకునేది కాదు. వచ్చాక, నిన్నటి ముక్క వాళ్లకు మిగతావాళ్లే చెప్పాలి. చెప్పడంలో వాళ్లలో వాళ్లు కొట్లాడుకునేవాళ్లు. "వాడు గట్లనలే." "అన్నడు, నువ్వు చింతగింజలు ఏరుకుంట ఇనలే." మరియమ్మ రోడ్డు వైపు చూసేది.

సాయంత్రం గంటకు కథ ఆగాలి. ఎక్కడ ఆగాలో ఆమె పొద్దున్నుంచే చూసుకునేది. పిలగాడు తలుపు మీద చెయ్యి వేసిన దగ్గర ఆపేది. తలుపు వెనక ఏముందో ఆ రాత్రి ఆమెకు కూడా తెలియదు.

నాలుగు ఊఁలయ్యేసరికి దారి కురవి దగ్గరే వంగింది. పన్నెండయ్యేసరికి నెల్లికుదురు దగ్గర. రైళ్లు తప్పవు, వాటికి పట్టాలున్నాయి. రైల్లో కూర్చున్నవాళ్లు తప్పేవాళ్లు. డోర్నకల్ దగ్గర పడుతుంటే వాళ్లకు కునుకు పట్టేది. లేచేసరికి ఖమ్మం. పగలు తప్పిన దారి రాత్రికి దొరికేది కాదు.

ఊరు దానికి అలవాటు పడింది. డోర్నకల్‌కు రావాలనుకున్నవాళ్లు ఎక్కడికో పోయేవాళ్లు. ఎక్కడికో పోవాలనుకున్నవాళ్లు డోర్నకల్ వచ్చేవాళ్లు. మిర్చిబండ్ల వాళ్లకు అది తొందరగానే తెలిసిపోయింది. వాళ్లు గార్లకు అని బయల్దేరేవాళ్లు. తిన్నగా రాజలింగం గోదాము ముందు ఎద్దులు ఆగేవి. దారి తప్పినవాళ్లు గోదాములోకి వచ్చి మంచినీళ్లడిగి, కూర్చుని, కథ విని, ఊఁ కొట్టి పోయేవాళ్లు. కొందరు పోలేదు. చెల్లెలి పెండ్లికని బయల్దేరిన ఒకామె అక్కడ తేలి, పిలగాడు గుట్ట దిగేదాకా చూసి పోతానని చెప్పి, గుట్ట దిగాక అక్కడే గుడిసె వేసుకుంది.

*

రెండేళ్లు గడిచాయి. రాజలింగం సావుకారికి ఒక ఆలోచన వచ్చింది. కథ ఉన్న గోదాములో పని మానేవాళ్లు లేరు. రోడ్డవతల రెండో గోదాములో అరవైమంది ఉన్నారు, రోజూ పదిమంది ఎగ్గొడతారు.

"మరియమ్మా, మైకు వెట్టిస్త. నువ్వు ఈడ చెప్పు, ఆడ గూడ ఇనవడతది. నీకేం కష్టం లేదు."

మరియమ్మ లెక్క వేసుకుంది. ఇక్కడ పన్నెండు, అక్కడ అరవై. దారి ఎక్కడ వంగుతుందో. హైదరాబాద్ దగ్గరే వంగుతుందేమో. సరేనంది.

మైకుసెట్టు రాజమల్లు వచ్చి వెదురుబొంగుకు హారన్ కట్టాడు. మైకు ఆమె మూతి ముందు పెట్టి, "హలో అను పెద్దమ్మా," అన్నాడు. ఆమె హలో అనలేదు. కథ ఎత్తుకుంది.

ఆమె గొంతు రోడ్డు మీద మోగింది. రెండో గోదాములో అరవైమందీ విన్నారు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఊఁ మాత్రం ఎవరూ అనలేదు. బొంగుకు కట్టిన దానికి ఊఁ ఏం కొడతారు? ఇటువైపు పన్నెండుమంది కూడా, హారన్ లోంచి వచ్చే గొంతు వైపు తిరిగి చూస్తూ, ఊఁ అనడం మరిచారు. బుచ్చమ్మ కూడా మరిచింది.

ఎంతసేపు అయిందో. మరియమ్మ కళ్లెత్తితే చర్చి ముందు జీపు ఆగి ఉంది.

ఇద్దరు దిగారు. ఒకడు చేతిలో కాగితం చూసి, సైకిల్ మీద పోయేవాణ్ణి ఆపి అడిగాడు. సైకిల్‌వాడు వేలు ఇటు చూపించాడు. ఆమె ఇంట్లో ఆరోజు యోహాను ఉన్నాడు. రెండేళ్ల తర్వాత, మేనమామ పంపితే గోదావరిఖనికి పోతూ దారి తప్పి, ఆ తెల్లవారే వచ్చాడు. పోవాలనుకున్నది ఇంకెక్కడికో కాబట్టే రాగలిగాడు. అన్నం తిని పడుకున్నాడు.

మరియమ్మ మైకు వైరు పట్టుకుని లాగింది. హారన్ ఒక్క కూత పెట్టి ఆగిపోయింది.

"ఓ పెద్దమ్మా, నా మిషిని," అన్నాడు రాజమల్లు.

ఆమె అతన్ని చూడలేదు. బుచ్చమ్మను చూసింది. "ఇంటున్నవా?"

"ఇంటున్న అక్కా."

"పిలగాడు గుహలకు పోయిండు."

"ఊఁ."

"లోపట చీకటి."

"ఊఁ," అంది పోచమ్మ.

"చీకట్ల గొర్రెపిల్ల సప్పుడు ఇనవడుతాంది."

నిర్మల ఊఁ అంది. పెండ్లికి పోని ఆమె ఊఁ అంది. ఒక్కొక్కరే అందుకున్నారు. రాజమల్లు వైరు చుట్టుకుంటూ తనకు తెలియకుండానే ఊఁ అన్నాడు.

ఆ ఇద్దరూ గోదాము ముందునుంచే నడిచారు. మరియమ్మ ఇల్లు అక్కడికి ఇరవై అడుగులు. చర్చి చుట్టూ ఒకసారి తిరిగారు, రెండుసార్లు తిరిగారు. ఎండకు టోపీలు తీసి తుడుచుకున్నారు. తర్వాత వచ్చిన పని మరిచినవాళ్లలాగ జీపెక్కి పోయారు.

సాయంత్రం ఆమె ఇంటికి పోయేసరికి యోహాను లేడు. జీపు చూసి వెనకదారిన పోయాడు. కంచంలో సగం అన్నం ఉంది.

మళ్లీ జీపు రాలేదు. కథ పని చేస్తోందని మరియమ్మ అనుకుంది.

*

కథ ఎక్కడ ఆపినా కొడుకును పట్టిచ్చినట్టే. ఆమె ఆపలేదు. దగ్గుతూ చెప్పింది, జ్వరంలో చెప్పింది. పిలగాడు గుట్టలు దిగాడు, ఏర్లు దాటాడు. గొర్రెపిల్ల ఎప్పుడూ ఒక మలుపు ముందే ఉండేది. ఇరవైమందయ్యారు. కేసముద్రం నుంచి వచ్చిన కూలీలతో ముప్పైమందయ్యారు. నలభై దాటిన రోజు బుచ్చమ్మ వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. మరియమ్మ ఆరోజు ఇంట్లో కోడిగుడ్డు వండుకుంది. అంతమంది తన మాటకు ఊఁ కొడుతున్నారంటే ఆమెకు లోపల ఎక్కడో సంతోషంగానే ఉండేది. కొడుకు లేని ఇంట్లో ఆ సంతోషానికి ఆమె కొంచెం సిగ్గుపడేది.

ఎనభైరెండు శివరాత్రికి రెండు రోజుల ముందు, భుజాన గాజుల మలారం వేసుకుని ఒకాయన గోదాములోకి వచ్చాడు. పేరు సమ్మయ్య, జనగామ మనిషి. కురవి జాతరలో గాజులమ్మాలని బయల్దేరి ఇక్కడ తేలాడు.

"తేలితివి గదా, కూసో. ఊఁ కొట్టు," అంది బుచ్చమ్మ.

సమ్మయ్య నీళ్లు తాగి, మలారం దించి, నవ్వాడు. "మా దిక్కు గూడ ఒకాయన ఉన్నడు. తరిగొప్పుల్ల దర్జీ. నెలనెల ఒకటో తారీకునాడు గీ డోర్నకల్‌కని బయలెల్లుతడు. పొద్దుగూకేవరకు మల్ల తరిగొప్పులనే చేరుతడు. చూసి మేమంత నవ్వుతం. ఆయన గూడ నవ్వుతడు."

మరియమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది.

"ఎందుకు నవ్వుతడు?"

"మా అవ్వ ఇయ్యాల గూడ కథ చెప్పింది, అంటడు. చెప్పకపోతే నేను పోయి చేరేటోణ్ణి గదా, అంటే మంచిగనే ఉన్నదన్నట్టు, అంటడు."

గోదాములో ఎవరూ ఊఁ అనలేదు.

"కేసు?" అంది మరియమ్మ.

"ఏం కేసు? గది ఎత్తేసి పదేండ్లాయె. ఎత్తేసిన్నాడే బయలెల్లిండట. మొదట్ల నెల్లికుదురు దాక వచ్చెటోడు. ఇంకెంత దూరం, రేపు దొరుకుతది అనుకొని ఆడనే కుట్టుమిషిని పెట్టుకున్నడు. ఇగ ఆ తర్వాత నెల్లికుదురు గూడ అందలేదట. తొర్రూరు. అటెన్క పాలకుర్తి. ఏడాదికింత ఎనుకకు జరిగి జరిగి తరిగొప్పుల్ల పడ్డడు."

నెల్లికుదురు, పన్నెండుమంది. తొర్రూరు, ఇరవై. పాలకుర్తి, కేసముద్రం కూలీలు వచ్చిన ఏడాది. మరియమ్మ చుట్టూ కూర్చున్న నలభైమందినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

సమ్మయ్య చెప్తూనే ఉన్నాడు. "చిట్టి రాసిస్తే తీస్కపోయినోడు తప్పిపోయె. మిర్చిబండోళ్ల లెక్క ఇంకో ఊరు పేరు చెప్పుకొని బయలెల్లరాదు అని నేనే అన్న. చూసిండట. నోరు గార్ల అన్నదట గని మనసు అనలేదట. బండోళ్లకు ఏ ఊరైనా ఒకటే. ఆయనకు మనసుల అవ్వ తప్ప ఇంకో ఊరు లేకపాయె."

"ఆయన పేరు?" బుచ్చమ్మ అడిగింది.

"యోహాను."

"ఎప్పుడు చూసినవు?" అంది మరియమ్మ.

"మూడేండ్లాయె. నేను గా దిక్కు పోతలేను."

*

మర్నాడు మరియమ్మ, "ఇయ్యాలతోని కథ ఐపోతది," అంది. నలభైమందీ చేతులు ఆపారు.

"పిలగానికి గొర్రెపిల్ల దొరికింది. ఎత్తుకొని ఇంటికొచ్చిండు. వాళ్లవ్వ అన్నం వెట్టింది. గంతే."

"గంతేనా?" అంది పోచమ్మ.

"గంతే."

బుచ్చమ్మ ఊఁ అనలేదు. పదమూడేళ్ల కథ ఊఁ లేకుండానే అయిపోయింది.

మధ్యాహ్నానికల్లా దారులు చక్కబడ్డాయి. మహబూబాబాద్ బస్సు నిండా జనంతో వచ్చింది. పదేళ్ల కిందట పెండ్లికని బయల్దేరినవాళ్లు, చేతుల్లో వాడిన పూలదండలతో దిగి, పెండ్లికూతురు ఇద్దరు పిల్లలతో ఎదురొస్తే ఆ దండలు పిల్లల మెడలో వేశారు. పోస్టుమాన్ రెండు సంచులు దించాడు. ఒక సంచి మొత్తం మరియమ్మదే.

నిర్మల చదివింది. ఇప్పుడామెకు ఇద్దరు పిల్లలు, అయినా అక్షరాలు మరిచిపోలేదు. అన్నీ ఒక్కలాంటివే. "అవ్వా, ఇయ్యాల గూడ తొవ్వ తప్పిన. నువ్వు మంచిగున్నవని తెలిసింది." "అవ్వా, పెండ్లి చేసుకున్న. ఆమె పేరు కరుణ. ఇద్దరం కలిసి బయలెల్లినం. ఇద్దరం తప్పినం." "అవ్వా, బిడ్డ పుట్టింది. నీ పేరే పెట్టినం."

"తారీకు చూడు," అంది మరియమ్మ.

చివరిదాని మీద తారీకు రెండేళ్ల కిందటిది.

"ఇంకోసారి చూడు బిడ్డా. అడుగున ఉండొచ్చు."

నిర్మల సంచి బోర్లించి దులిపింది. "ఇంక లేవు పెద్దమ్మా."

మరియమ్మ ఉత్తరాలన్నీ మళ్లీ సంచిలో పెట్టుకుంది. గోదాముకు వచ్చి తలుపు పక్కన కూర్చునేది, రోడ్డు చూసేది. రాజలింగం సావుకారి ఒక రేడియో తెచ్చి మేకుకు తగిలించాడు. అందులో ఎవరో గుంటూరు మాటలాగ చక్కగా మాట్లాడేవాళ్లు. దానికి ఎవరూ ఊఁ కొట్టలేదు. ఒకటో తారీకు వచ్చింది. పోయింది. బస్సు రోజూ వచ్చింది. అందులోంచి అందరి కొడుకులూ దిగారు.

ఒకరోజు బుచ్చమ్మ పట్టా దగ్గరికి జరుపుకుంది. "అక్కా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు."

"అడుగు."

"పిలగాడు ఇంటికి రాలే. నువ్వు వచ్చిండని చెప్పినవు గని నాకు నోట్లకెళ్లి ఊఁ రాలే." చేతిలో చింతపండు కింద పెట్టింది. "ఇన్నేండ్లు చెప్పినవు. మేక గురించి చెప్పినవు, తెప్ప గురించి చెప్పినవు. గా పిలగాని అవ్వ ఏం జేస్తాందో ఒక్కనాడన్న చెప్పినవా?"

"ఇంట్ల కూసున్నది."

"కూసుంటె ఎట్ల?"

మరియమ్మ గోనెపట్టా అంచు సరిచేసుకుంది. "నేనెన్నడు ఊరు దాటలేదే. తొవ్వల ఎవలన్న కథ చెప్తే?"

"నువ్వు పో. రేపు ఒక్కదినం ఊరు నోరు మేం మూయిస్తం."

మర్నాడు పొద్దున మరియమ్మ సెకందరాబాద్ ప్యాసింజర్ ఎక్కింది. గోదాములో నలభైమందీ పెదవి విప్పలేదు. నాట్లప్పటి పాట కూడా ఎవరూ ఎత్తుకోలేదు. పోచమ్మ రేడియో మీట తిప్పి ఆపింది. నిర్మల బడికి పోయి, "సారూ, ఇయ్యాల తెలుగు పాఠం వద్దు, లెక్కలు చెప్పున్రి," అంది. సారు సుద్దముక్క తీసుకుని లెక్కలే చెప్పాడు. చాయ్ హోటల్లో ముసలివాళ్లు ఎదురెదురు కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్టేషన్ దాటుతుంటే మరియమ్మకు కునుకు పట్టలేదు. జనగామలో దిగేదాకా కళ్లు మూయలేదు.

తరిగొప్పులలో దర్జీ ఇల్లు ఏదని అడిగితే ఒకామె వేలు చూపించింది.

అరుగు మీద కుట్టుమిషన్ ఉంది. దానిమీద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి మీద దుమ్ము ఉంది.

లోపలినుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మరియమ్మ చేతిలో ఉత్తరాల సంచి చూసింది, ముఖం చూసింది.

"నువ్వు అవ్వవా?"

మరియమ్మ తలూపింది.

కరుణ అరుగు అంచున కూర్చుంది. "రెండేండ్లాయె అత్తా. పచ్చకామెర్లు. జనగామ దవాఖానకు తీస్కపోయినం." కొంగుతో మోకాలు తుడుచుకుంది, అక్కడ ఏమీ లేకపోయినా. "నీకు మనిషిని పంపిన. మూడుసార్లు పంపిన. పోయినోడు పోయినట్టే మల్లొచ్చిండు."

"ఊఁ," అంది మరియమ్మ.

"నెలకోపాలి బయలెల్లెటోడు. చద్ది గట్టుకొని, ఉతికిన అంగి ఏసుకొని. పొద్దుగూకంగ వచ్చి కాళ్లు కడుక్కొనేటోడు. మా అవ్వ మంచిగనే ఉన్నదే, అనెటోడు. గా దినం కడుపునిండ తినెటోడు."

"ఊఁ."

"ఆఖరుకు గూడ అడిగిండు. పోయినోడు మల్లొచ్చిండా అన్నడు. వచ్చిండన్న. గట్లయితే మంచిగనే ఉన్నది, అన్నడు."

మరియమ్మ మళ్లీ ఊఁ అనడానికి నోరు తెరిచింది. రాలేదు. వాడి ఊఁ రెండేళ్ల కిందటే ఆగింది. ఆగాక కూడా ఆమె చెప్తూనే ఉంది.

ఇంటి వెనకనుంచి ఒక పిల్ల వచ్చింది. ఏడేళ్లుంటాయి. నుదురు యోహానుదే. తల్లి చెప్పకుండానే వచ్చి మరియమ్మ పక్కన కూర్చుంది.

"నాయినమ్మా, నువ్వు కథలు చెప్తవట గదా. బాపు చెప్పిండు."

"చెప్త బిడ్డా."

"మరి చెప్పు. నేను ఊఁ కొడ్త. నాకస్తది."

గోడమీద ఎండ ఇంకా మూరెడు ఉంది.

"పొద్దు గూకనియ్యి."

"ఎందుకు? మనింటికి ఇగ ఎవలొచ్చేది ఉన్నదని?"

మరియమ్మ రోడ్డు చూసింది. జనగామ వైపునుంచి ఎవరో నడిచి వస్తున్నాడు. భుజాన సంచి ఉంది. తెలిసిన మనిషి కాదు.

"మనింటికి గాదు బిడ్డా. ఎవలింటికో ఒకలు వస్తుంటరు."

ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. అతను దగ్గరికి వచ్చాడు, వాళ్లను దాటాడు, వీధి చివర కుడికి తిరిగాడు. ఎక్కడో ఒక తలుపు తెరిచిన చప్పుడైంది. గోడమీది ఎండ ఇంకా పోలేదు. అది పోయేదాకా మరియమ్మ పెదవి విప్పలేదు.